దూది కూరిన ఫోర్కు

“...కనపడక కాదా మరి? కనపడితే క్లిప్పు తియ్యకుండా లివరు పెట్టేవాడివా?”

“ఇంకొంచెం గట్టిగా అరువు. బస్టాండు దాకా వినపడలా.”

“వినపడితే వినపడనీ. పోయిన నెల మోదేపల్లి ఆయన బండి పోయింది. ఇంకో బండి పోతే ఈ షెడ్డు మొహం ఎవడన్నా చూస్తాడా? ఈ ముక్క ఎందుకు దాచాననుకున్నావు, ముక్కుకి పెట్టుకుందామనా?”

జహీరున్నీసా ఆ ముక్కను బల్ల మీద పడేసింది. వేలెడు పొడవున, విరిగిన గాజులా వంపు తిరిగిన అల్యూమినియం పెంకు. జాన్ బాషా దానివైపు చూడలేదు. స్పానర్లు తుడుస్తున్నవాడు రోడ్డు మీద చక్రం చప్పుడు విని చెయ్యి ఆపాడు.

“ఎవరో వస్తన్నారు,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె బయటికి చూసింది. “ధేనువకొండ బాలస్వామి. బండి తోసుకొస్తన్నాడు. ముందు చక్రమంతా నూనె కారుతోంది.” ముక్కను తీసి కుట్టుపెట్టెలో వేసుకుంది. “చేతగాదని చెప్పు.”

అతను చెప్పలేదు.

అద్దంకి నుంచి నరసరావుపేట పోయే రోడ్డు పక్కన, మూడు వైపులా రేకులు కొట్టిన షెడ్డు అది. జాన్ బాషా తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. గట్టిపడిన పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ నింపి కుట్టేవాడు. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ విల్లు అటక మీదికి చేరింది. కొడుకు గుంటూరు వెళ్లి, బ్రాడీపేట వెనక సందులో హయాత్ మేస్త్రీ దగ్గర మోటారు సైకిళ్ల పని నేర్చుకున్నాడు. హయాత్ మేస్త్రీ మాట తక్కువ మనిషి. పనిముట్టు పెట్టబోయే చోట ముందు వేలు పెట్టి తడమనివాణ్ణి బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆ అలవాటు బాషాకు చేతుల్లో ఉండిపోయింది. ఈమధ్య ఆ అలవాటు మీదే షెడ్డు నడుస్తోంది.

కళ్లకు పొర కమ్మింది. ఎండలోంచి షెడ్డులోకి అడుగుపెట్టిన మనిషి అతనికి ఆకారంగా తప్ప మొహంగా కనిపించడు. స్పానర్ల మీద అంకెలు పోయి చాలాకాలమైంది. ఒంగోలులో డాక్టరు శుక్లాలన్నాడు, కోసి తీసేస్తే సరిపోతుందన్నాడు. బాషా ఇంటికొచ్చి మళ్లీ ఆ ఊసెత్తలేదు. అతని అన్న సైదా ఒకప్పుడు ఏదో క్యాంపులో కంటికి కట్టు కట్టించుకుని వచ్చాడు. కట్టు విప్పాక ఆ కన్ను చీము పట్టి పోయింది. దానికి తోడు, ఆపరేషన్ అయితే నెల పైగా వంగకూడదు, బరువెత్తకూడదు, పొగ దగ్గరికి పోకూడదు. అన్నాళ్లు షెడ్డు మూసుకుంటే కొత్తగా పెట్టిన సర్వీసు సెంటర్లకు అలవాటు పడిన బళ్లు వెనక్కి రావు. అతనికి ఈ రెండో భయమే పెద్దది.

జహీరున్నీసా పుట్టిల్లు కూడా దూదేకులవాళ్లదే. పరుపులు కుట్టిన చెయ్యి. షెడ్డులో ఒక మూల గోనెపట్టా వేసుకుని బళ్ల సీట్లకు కవర్లు కుడుతుంది. మొగుడికి చూపు తగ్గాక ఆమె నోరు పెరిగింది. అతను స్పానరు కోసం తడుముకుంటే మూలలోంచి కసురుకునేది. “పద్నాలుగు ఎడంపక్కన పెట్టుకుని పన్నెండుతో కుస్తీ ఏంది?” బాషా చెయ్యి ఎడంపక్కకు పోయేది. “ఆ బోల్టుకి మర పోయింది, తెలవట్లా?” బాషా బోల్టు మార్చేవాడు. వచ్చినవాళ్లు నవ్వుకునేవాళ్లు. గయ్యాళి అని ఆమెకు పేరొచ్చింది. ఇద్దరూ కూర్చుని అనుకున్న ఏర్పాటు కాదది. దాని గురించి ఇంట్లో కూడా మాట్లాడుకోలేదు.

మోదేపల్లి బండి వచ్చిన రోజు ఆమె ఎవరి ఇంటికో చావు పలకరింపుకు వెళ్లింది. ఆ రోజే ఆ బండి ఫోర్కు పగిలింది, ఆ పెంకు దానిదే.

“అన్నా, ఈ పూట అయిపోవాలి,” అన్నాడు బాలస్వామి బండికి స్టాండు వేస్తూ. పాత యమహా. పెట్రోలు ట్యాంకు మీద తప్ప ఎక్కడా అసలు రంగు లేదు. మడ్‌గార్డు నిండా నల్లరేగడి అట్టలు కట్టి ఉంది. “రాత్రి వాన పడిందిగా. నేల మంచి పదును మీదుంది. కలవకూరులో మిరపనారు చెప్పిపెట్టా. సాయంత్రం దాకా ఉంచుతా, తర్వాత ఇంకోళ్లకిచ్చేస్తా అన్నాడు ఆయన. ఆ బురద డొంకలోకి ఆటోవాడు రానంటన్నాడు.”

“ఏమయింది బండికి?”

“చూడు, ఈ కాలు నుంచి కారిన నూనె బ్రేకులోకి దిగుతంది. నిన్న గుండ్లకమ్మ ఏటి దిగుడులో బ్రేకు పట్టలా. ఎనక కూర్చుని మా వీరమ్మ ప్రభువా ప్రభువా అంటంది. నేను కాలు కింద పెట్టి ఈడ్చా. చెప్పు అరిగింది గాని బండి ఆగలా.”

బాషా గొంతుక్కూర్చుని చక్రం వైపు చెయ్యి చాచాడు. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు కాళ్లనే ఫోర్కు అంటారు. పైనుంచి దిగిన ఇనుప రాడ్డు కిందున్న అల్యూమినియం గొట్టంలోకి జారుతూ ఉంటుంది. గొట్టంలో నూనె ఉంటుంది. అది బయటికి రాకుండా గొట్టం మూతి దగ్గర రబ్బరు సీలు, సీలు పైకి రాకుండా దాని మీద ఉక్కు క్లిప్పు. బాషా రెండు కాళ్లనూ వేళ్లతో తుడిచి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“రెండు సీళ్లూ పోయినయ్. ఎడమది ఎప్పుడో పోయింది.”

“అవునన్నా. ఎడమది ఇంతకుముందు ఒకసారి వేరే షెడ్డులో ఇప్పించా. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలెట్టింది.”

“దీని గొట్టాలు ఇప్పుడు రావట్లేదు, తెలుసుగా? తీసేటప్పుడు మూతి బీటిచ్చిందా, బండి మూల పెట్టుకోవాల్సిందే.”

“అందుకేగా నీ దగ్గరికొచ్చింది.”

జహీరున్నీసా మూలలో దారానికి మైనం పూసుకుంటోంది. బాషా ఆమె వైపు మొహం తిప్పి ఒక క్షణం ఆగాడు. ఆమె దారం కొన నోట్లో పెట్టుకుంది.

“ఇప్పుతా,” అన్నాడు.

ఎదురుగా టీకొట్టు రంజాన్ ఈ మాటలు విని గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. వానకు బేరాల్లేక ఖాళీగా ఉన్నాడు. రంజాన్ నోట్లో పడ్డ మాట బస్టాండుకు నడిచి పోదు, బస్సెక్కి పోతుంది. పాత టైరు మీద కూర్చుని, “బాలస్వామీ, బండికి ప్రార్థన చేయించే తెచ్చావా?” అన్నాడు. “మోదేపల్లి ఆయన చేయించకుండా వచ్చాడు పాపం. ఇప్పుడు సైకిలు మీద తిరుగుతన్నాడు.”

“ఆ అల్యూమినియం ఎప్పుడో పుచ్చిపోయింది,” అన్నాడు బాషా.

“నేనేమన్నా అన్నానా? అల్యూమినియానికి ఆయుష్షు తీరింది, అంతేగదా.”

బాలస్వామి నవ్వబోయి మానేశాడు. బండి వైపు ఒకసారి చూసుకున్నాడు.

బాషా చక్రం ఊడదీశాడు. స్పానరు ఒకటి తీసి బోల్టుకు పెట్టాడు, అది వదులుగా తిరిగింది. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. అదీ పట్టలేదు. మూలలోంచి కసురు రాలేదు. మూడోదాన్ని తలను బొటనవేలితో కొలిచి తీసుకున్నాడు. ఈసారి పట్టింది.

“వదిన ఇయ్యాల మౌనవ్రతమా?” అన్నాడు బాలస్వామి. “ఈపాటికి నాలుగు తిట్టేదిగా.”

“తిట్టి తిట్టి నోరు నొప్పెట్టింది,” అంది జహీరున్నీసా తల ఎత్తకుండా.

మడ్‌గార్డు దిగింది. రెండు కాళ్లూ దిగాయి. కుడి కాలు అడుగు బోల్టు విప్పి గొట్టాన్ని తలకిందులు చేస్తే నల్లటి నూనె బొటబొటా ఇనప తట్టలోకి కారింది. అందులో పురుగుమందు వాసన. పొలానికి నీళ్ల డ్రమ్ములూ మందు డబ్బాలూ ఈ బండి మీదే పోతాయి. బాషా రాడ్డు బయటికి లాగి, గొట్టానికి గోనె చుట్టి బల్ల అంచున ఉన్న వైసు దవడల మధ్య బిగించాడు. మూతిలో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. క్లిప్పు అంచు వేలికి తగిలింది. సన్న స్క్రూడ్రైవరుతో లేపాడు, ఊడి వచ్చింది. సీటు కవరు ముక్క ఒకటి మూతికి అడ్డంపెట్టి, టైరు లివరుతో సీలును ఒక పక్క కొంచెం, ఇంకో పక్క కొంచెం ఎత్తాడు. సీలు వచ్చేసింది. మూతి చుట్టూ మళ్లీ వేలు తిప్పాడు. ఎక్కడా గీత లేదు.

రంజాన్ టీ గ్లాసు ఖాళీ చేశాడు. “ఒక కాలు బతికింది.”

ఎడమ కాలు వైసులోకి ఎక్కింది. మూతిలో వేలు పెట్టాడు. లోపల అంచంతా గట్టిగా, గరుగ్గా, తారు పోసినట్టు ఉంది. క్లిప్పు తగల్లేదు. వేలిని ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. గోటితో గీరితే నల్లటి మడ్డి గోటిలో దిగింది తప్ప కింద ఇనుము తగల్లేదు. గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి మొహం దగ్గరగా వంచాడు. వెలుతురు మబ్బుది. అతనికి కనిపించింది ఒక నల్లటి సున్నా.

“దీన్ని విప్పినోళ్లు క్లిప్పు వేసినట్టు లేదు,” అన్నాడు.

“వెయ్యలేదా?” అన్నాడు బాలస్వామి.

“తగలట్లా. మట్టి పట్టి బిగుసుకుంది, అంతే. క్లిప్పు లేకుండా మట్టే పట్టుకునుంది దీన్ని.”

కిరసనాయిలు పోసి కొంచెంసేపు నాననిచ్చాడు. లివరు పెట్టి ఎత్తి చూశాడు. సీలు కదల్లేదు. రంజాన్ కొట్టుకెళ్లి మరిగే నీళ్ల కెటిల్ తెచ్చాడు. గొట్టం మీద పోశాడు. గోనె తడిసి ఆవిరి లేచింది. మళ్లీ లివరు. ఏమీ లేదు. బాషా చొక్కా వీపుకు అంటుకుంది. షెడ్డు బయట ఒక ట్రాక్టరు నారు మోపులేసుకుని పోయింది. బాలస్వామి అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

“అన్నా, తొందర పెట్టటంలా. కానీ...”

“పెడతన్నావుగా.”

“నారు ఎండకి వాడితే మళ్లీ పనికిరాదు. అందుకని.”

బాషా పొడుగు లివరు తీశాడు. దాని కొన సీలు కిందికి దోపి, నడుమును మూతి అంచుకు ఆనించి, రెండు చేతులూ పట్టాడు. మోదేపల్లి బండికి తీసింది కూడా ఇదే. ఇది ఊగిందంటే సీలు రావాలి, లేకపోతే అంచు రావాలి.

జహీరున్నీసా లేచింది. దారం నోట్లో అలాగే ఉంది. కుట్టుపెట్టెలోంచి ఆ వంపు తిరిగిన పెంకు తీసి, వైసు పక్కన, బాషా చేతికి జానెడు దూరంలో పెట్టింది. పెట్టి నిలబడింది.

బాషా ఆగలేదు. కాళ్లు ఎడంగా పెట్టి భుజం దించాడు.

రంజాన్ పెంకు వైపు చూశాడు. బాషా మొహం వైపు చూశాడు. మళ్లీ పెంకు వైపు చూశాడు.

“ఆగు,” అంది జహీరున్నీసా.

“ఎందుకు?”

“ఆగమన్నా.”

“మధ్యలో ఈవిడొకతి...”

ఆమె లివరు మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తోసెయ్యవచ్చు. తోసెయ్యలేదు. లివరు పక్కకు పెట్టేసరికి అతని చెయ్యి పెంకుకు తగిలింది. వేళ్లు దాని అంచు వెంట నడిచి, వంపు చివర ఆగాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జహీరున్నీసా గొట్టం మూతిలో వేలు పెట్టింది. గోటితో ఒకచోట గీరి, గోరులో దిగిన మడ్డిని బొటనవేలితో నలిపింది. ఇంకా నలిపింది. మడ్డి పొడి కాలేదు, సాగింది. రెండు వేళ్ల మధ్య సన్నటి నూలుపోగు నిలబడింది.

“ఇది మట్టి కాదు,” అంది. “పత్తి.”

ఆమె బాలస్వామి వైపు తిరిగింది.

“నువ్వేనా?”

బాలస్వామి మెడ గోక్కున్నాడు. “నూనె పీల్చుకుంటదని కూరా వదినా. పైన రబ్బరు తొడుగు లేపి, చేలో పత్తి కొంచెం గ్రీజులో ముంచి... కొన్నాళ్లు కారటం ఆగింది కూడా.”

“ఒకసారేనా?”

“పత్తి తీసినప్పుడల్లా.”

“దీపానికి వొత్తి పెట్టినట్టు పెడతా వచ్చావన్నమాట. మా నాన్న పరుపులో కూడా ఇంత కూరలా నాయనా.”

“మా ఊళ్లో అందరూ ఇట్టాగే పెడతారు వదినా.”

“అందరి బళ్లూ ఇక్కడికే పంపు. పరుపుల కొట్టు పెడతా.”

రంజాన్ పకపకా నవ్వాడు. బాలస్వామి కూడా నవ్వాడు. బాషా నవ్వలేదు. అతను వైసు పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె పరుపులు కుట్టే దబ్బనం తెచ్చుకుంది. చిటికెన వేలికి మించిన పొడవున్న లావాటి సూది, కొన కొంచెం వంచి ఉంటుంది. ఏళ్ల తరబడి మనుషులు పడుకుని బిగిసిపోయిన పరుపు దూదిని విడదియ్యడానికి ఆమె తండ్రి అలా వంచుకునేవాడు. కొనను మడ్డిలో గుచ్చి, ఎత్తకుండా, తన వైపు లాగింది. నల్లటి పీచు ఒకటి ఊడొచ్చింది. మళ్లీ గుచ్చింది. పొడిస్తే తునిగిపోతుంది, లాగితే పోగుపట్టి వస్తుంది. గ్రీజూ మందునీళ్లూ రేగడిమన్నూ కలిసి గుండీ బిళ్లలా బిగుసుకున్న పత్తి, పీచు పీచుగా బయటికి వచ్చి తట్ట అంచున పోగుపడింది. దానిలో తుప్పు రంగు కనపడటం మొదలైంది.

దబ్బనం కొన ఇనుముకు తగిలి కిర్రుమంది.

“ఉంది,” అంది ఆమె.

బాషా వేలు పెట్టాడు. గాడిలో, తుప్పు పట్టి, గొట్టంలో కలిసిపోయినట్టు, క్లిప్పు. చుట్టూ ఉంది. ఇందాక లివరు ఊగి ఉంటే సీలుకు పోవడానికి దారి లేదు. మూతే పోయేది.

“పుట్టింటి విద్య బాగా పనికొచ్చిందమ్మా,” అన్నాడు రంజాన్. మాట జహీరున్నీసాతో అన్నా చూపు బాషా మీదే ఉంది. “మేస్త్రీకి మాత్రం మట్టిలానే కనపడ్డట్టుంది.”

“ఏ మేస్త్రీకైనా అట్టాగే కనపడిద్ది,” అంది ఆమె చురుగ్గా. “నువ్వు టీపొడిలో కలిపే పొట్టు ఎవరికన్నా కనపడతందా?”

రంజాన్ టైరు మీద సర్దుకున్నాడు గాని లేచి పోలేదు.

క్లిప్పు చుట్టు మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది, ఆ చివర దొరికితే లేపవచ్చు. ఆమె దబ్బనం కొనతో గాడి వెంట పోయి ఒకచోట ఆగింది. కొనను దోపి చివరను అరవీసమెత్తు లేపింది. బాషా సన్న స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. అతని వేలు ఆమె వేలిని తాకి, దాని వెంటే దబ్బనం దాకా, దబ్బనం వెంట క్లిప్పు దాకా దిగింది. స్క్రూడ్రైవరు అక్కడ పెట్టి తిప్పాడు. క్లిప్పు కొంచెం లేచింది. ఇంకొంచెం. పటుక్కున విరిగి, ఒక ముక్క ఎగిరి రేకులకు తగిలింది. బాలస్వామి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“మొత్తం వచ్చిందా?” అన్నాడు.

సగం గాడిలోనే ఉంది. ఈసారి దానికి పట్టుకోవడానికి చివరంటూ లేదు, విరిగిన మొన తప్ప. బాషా వేలితో దాన్ని వెతికాడు. మొన వేలిలో దిగింది. రక్తం గాడిలోకి కారి తుప్పుతో కలిసింది. అతను చెయ్యి తియ్యలేదు. వేలు ఎక్కడ తెగిందో మొన అక్కడే ఉంది గనుక స్క్రూడ్రైవరును సరిగ్గా వేలి పక్కన దించాడు. ముక్క కదిలింది. ఆమె దబ్బనంతో ఎగరకుండా అదిమి పట్టింది. రెండోసారికి బయటికి వచ్చి తట్టలో పడింది.

ఆమె సీటు కవరు పీలిక చింపి అతని వేలికి కట్టింది. కడుతూ నెమ్మదిగా, అతనికి మాత్రమే వినపడేట్టు, “సీలు రేపు తీద్దాం,” అంది.

“నారు రేపటిదాకా ఉండదు.”

ఇంకో కెటిల్ నీళ్లు వచ్చాయి. బాషా చిన్న లివరు తీసుకున్నాడు. మూతి అంచుకు కవరు ముక్క మడత పెట్టి, కొనను సీలు కిందికి పంపి, వెంట్రుకంత ఎత్తాడు. తీసి పక్కకు జరిపి మళ్లీ ఎత్తాడు. చుట్టూ తిరిగి మొదటికొచ్చాడు. సీలు కదలలేదు. తుప్పు దాని లోపలి ఇనుప రేకును గొట్టంతో కలిపేసింది. ఇంకో చుట్టు. కణతల మీద చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు. బాలస్వామి గొట్టం వైపు చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. నారు మీద కూడా వచ్చి ఉంటుంది.

మూడో చుట్టులో బాషా కొంచెం గట్టిగా నొక్కాడు.

టక్కుమంది.

అందరూ విన్నారు. బాలస్వామి గిరుక్కున వెనక్కి తిరిగాడు. రంజాన్ టైరు మీంచి లేచాడు. సీలు గొట్టాన్ని వదిలినా అలాగే చప్పుడవుతుంది. మూతి బీటిచ్చినా అలాగే అవుతుంది. బాషా లివరును ఉన్నచోటే పట్టుకుని, వంగి, మూతికి కళ్లు దగ్గరగా పెట్టాడు. కవరు ముక్క నలుపు, నూనె నలుపు, నీడ నలుపు. బీట ఉంటే, లివరు కదిపితే అది సాగుతుంది. లివరు వదలకుండా వేలు పెట్టే చోటు లేదు, ఉన్న వేలికి కట్టు ఉంది.

“ఏమైందన్నా?” అన్నాడు బాలస్వామి. “పగిలిందా?”

రంజాన్ ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

“అడుగుతున్నాడుగా బాషా. కళ్లెదురుగానే ఉందిగా. పగిలిందో లేదో చెప్పు.”

జహీరున్నీసా దబ్బనం పట్టుకుని నిలబడి ఉంది. కసురుకోవడానికి మాట వెతుక్కుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి. ఆమె నోరు తెరవకముందే బాషా అన్నాడు.

“ఇదిగో. నువ్వు చూడు. నాకు కనపడట్లా.”

రోడ్డు మీద బస్సు ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమె వంగింది. అతని చేతుల మధ్యలోంచి తల దూర్చి, కవరు ముక్క కొంచెం జరిపి చూసింది. కొంగుతో మూతి తుడిచి మళ్లీ చూసింది. వేలు పెట్టి అంచు వెంట నెమ్మదిగా తిప్పింది. సగం తిరిగాక ఆగి, అక్కడే వెనక్కీ ముందుకీ రాసింది.

“చెప్పు,” అన్నాడు బాషా.

“ఉండు.”

“పగిలితే పగిలిందని చెప్పు.”

“గీత కాదు. తుప్పు మరక,” అంది ఆమె. “మూతి బాగానే ఉంది. సీలు నీ కుడివైపు లేచింది. ఎడమవైపు ఇంకా పట్టుకునుంది.”

“ఎంత లేచింది?”

“బియ్యపుగింజంత.”

“లివరు ఎక్కడ పెట్టాలి?”

ఆమె అతని చెయ్యి పట్టుకుని జరిపింది. “ఇక్కడ. ఇంకా కిందకి. ఆఁ.”

అతను ఎత్తాడు. ఆమె చూస్తూ చెబుతూ ఉంది. ఈసారి కసురు లేదు, ఆ మాటలు తిట్లలా వినపడాల్సిన అవసరం లేదు. సీలు వంకరగా పైకి వచ్చి, ఒక్కసారిగా ఊడి, నల్లటి నీళ్లతో సహా అతని చేతిలో పడింది. బాలస్వామి సిలువ గుర్తు వేసుకోబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగి, లుంగీకి తుడుచుకున్నాడు.

మిగిలింది తేలిక పని. ఆమె గాడిలో తుప్పును గుడ్డతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, వెలుతురుకు తిప్పి చూసింది. బాషా కొత్త సీళ్లకు నూనె రాసి, వాటి మీద పాత సీలు పెట్టి, దాని మీద చెక్కముక్క ఆనించి సుత్తితో సమంగా దింపాడు. కొత్త క్లిప్పు కూర్చున్నప్పుడు ఇద్దరి వేళ్లూ చుట్టూ తిరిగి చూశాయి. నూనె కొలిచి పోసింది ఆమె. బ్రేకు షూలను కడిగి గరుకు కాగితం పెట్టింది బాలస్వామే. చక్రం బిగిసే సమయానికి ఎండ కొంచెం వాలింది గాని సాయంత్రం కాలేదు.

బాలస్వామి హ్యాండిలు పట్టుకుని ముందు బ్రేకు నొక్కి ఊగాడు. ఫోర్కు మెత్తగా దిగి మెత్తగా లేచింది. వంగి రెండు కాళ్లూ చూశాడు. పొడిగా ఉన్నాయి. బండి మీద కాలు వేసి, వెంటనే స్టార్టు చెయ్యకుండా కూర్చున్నాడు.

“అన్నా, నీకు చూపు...”

“నారు వాడిపోయిద్ది. పో.”

“పోతా. ఇంకెప్పుడూ దూది పెట్టను వదినా.”

“పెట్టేదానివైతే చెప్పి పెట్టు,” అంది జహీరున్నీసా. కింద పడి ఉన్న పీచు పోగును చీపురుతో ఊడ్చి, అల్యూమినియం పెంకును కూడా దానిలో కలిపేసింది.

“పెట్టేదానివా? నేను మగాణ్ణి వదినా.”

“పత్తి కూరే పని చూసి పొరబడ్డా.”

బాలస్వామి నవ్వుతూ కిక్కు కొట్టాడు. యమహా కలవకూరు వైపు తిరిగింది. మలుపు దగ్గర బ్రేకు పట్టడం, ముందు చక్రం ఆగి మళ్లీ కదలడం చప్పుడును బట్టి బాషాకు తెలిసింది.

రంజాన్ గ్లాసులు ఏరుకున్నాడు. ఏరుకున్నాక కూడా పోలేదు. బస్టాండు వైపు ఒకసారి చూసి, మళ్లీ బాషా వైపు తిరిగాడు.

“ఎన్నాళ్లనుంచి?”

బాషా చేతులు కిరసనాయిలులో ముంచి కడుక్కున్నాడు. వేలికి కట్టిన పీలిక తడిసి మండింది. గుడ్డ కోసం చెయ్యి చాపితే జహీరున్నీసా అందించింది. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

“ఎట్టాగూ పోయి అందరికీ చెప్తావుగా రంజానూ. చెప్పేదేదో సరిగ్గా చెప్పు. సోమవారం ఒంగోలు పోతన్నా, కళ్లు కోయించుకోటానికి. నేనొచ్చి మళ్లీ వంగేదాకా ఫోర్కులూ సీళ్లూ అన్నీ జహీరున్నీసా ఇప్పుద్ది. షెడ్డు తెరిచే ఉంటది.”